అలసట మోసేవాళ్ళు

నయీంనగర్ దగ్గర ఒక స్తంభానికి పగులు కనిపించిందని పైరైలును ఆపేసిన రోజు, ఆ కబురు విని సంతోషపడిన మనిషి ఊరు మొత్తంలో బహుశా శ్రావ్య ఒక్కతే.

కాజీపేట నుంచి హన్మకొండ మీదుగా వరంగల్ దాకా, రోడ్డుకు ఎత్తున స్తంభాల మీద నడిచే ఆ రైలును జనం పైరైలు అనే పిలిచేవారు. అది వచ్చాక సిటీ బస్సులు ఒకటొకటిగా తగ్గిపోయాయి. షేర్ ఆటోలవాళ్ళలో చాలామంది వేరే పనులు వెతుక్కున్నారు. అందుకే అది ఆగిన పొద్దున స్టేషన్ల మెట్ల కింద జనం ఎటు పోవాలో తెలియక నిలబడిపోయారు. చేతికి అందేలా ఉన్నవి పక్కన వరసగా నిలబెట్టిన అద్దె సైకిళ్ళే.

ప్రయోగశాలలో తెర మీద సైకిల్ అడ్డాలు చుక్కల్లా కనిపిస్తాయి. సైకిళ్ళుంటే ఆకుపచ్చ, ఖాళీ అయితే ఎరుపు. శ్రావ్య టీ తాగి వచ్చేసరికి కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దాకా చుక్కలన్నీ ఎర్రబడి ఉన్నాయి.

“ఏడాది నుంచి బతిమాలుతున్నాం. ఎక్కినవాళ్ళు లేరు. ఇవాళ చూడు,” అన్నాడు ఆమె వెనక నిలబడిన విక్టర్ సార్. ఆ ప్రయోగశాలకు ఆయనే పెద్ద.

“రవాణా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది సార్. మన దగ్గరున్న చేతిపట్టీలన్నీ స్టేషన్లకు పంపమంటున్నరు. వచ్చినోళ్ళందరికీ ఇస్తరట.”

“పంపుదాం. ఇంతకన్నా పెద్ద పరీక్ష మనకు దొరకదు.”

మధ్యాహ్నం పట్టీల పెట్టెలు తీసుకొని శ్రావ్యే చౌరస్తా అడ్డాకు వెళ్ళింది. ఎండకు చేతిరుమాలు నెత్తిన కప్పుకున్న ఒక పెద్దమనిషి పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇదేందమ్మా? షాక్ గిట్ల కొడుతదా?”

ఆమె నోరు తెరిచేలోపే పక్కన సైకిల్ తీస్తున్న ఒక ఆడమనిషి అందుకుంది. “ఏం కొట్టదన్నా. చేతికి కట్టుకొని హ్యాండిల్ పట్టుకో. తొక్కుతుంటే కాళ్ళు గుంజయి, అలుపు రాదు. ఆ అలసటంతా ఊర్ల పట్టీ కట్టుకొని కూసున్నోళ్ళకు తలా జరంత పోతది. నువ్వు ఇంట్ల కూసున్నప్పుడు ఇంకొకలది నీకొస్తది. వచ్చినట్టు కూడ తెల్వది.”

తను చెప్పినా ఇంత బాగా చెప్పేది కాదనుకుంది శ్రావ్య. “మీరు ముందు నుంచీ వాడుతున్నరా అమ్మా?” అని అడిగింది.

“ఆఁ, మొదటి నుంచి. నా పేరు గౌసియా. కొత్తవాడల జంపఖానాలు నేస్త. పైరైలు ఉన్నప్పుడు స్టేషన్ కాడి నుంచి ఇంటికే తొక్కేది. ఇప్పుడు కాజీపేట దాకా మొత్తం తొక్కాలె. పొద్దంతా మగ్గం మీద కాళ్ళాడించి మళ్ళ గంత దూరమంటే మాటలా? ఈ పట్టీ లేకుంటే ఇంటికి పోయి బియ్యం కడిగే సత్తువ కూడ ఉండది.” అంటూనే సైకిలెక్కి, ట్రాఫిక్‌లో దారి చేసుకుంటూ వెళ్ళిపోయింది. యాభై దాటిన మనిషి, బడిపిల్లలా తొక్కింది.

అలసట గురించి శ్రావ్య, విక్టర్ సార్ కలిసి కనుక్కున్నది నిజానికి ఒక్క సంగతే. ఒళ్ళు అలసిందని మెదడుకు వెళ్ళే కబురును దారి మళ్ళించవచ్చు గానీ చెరిపెయ్యడం కుదరదు. అది ఎక్కడో ఒకచోట చేరి తీరాలి. మొదటిసారి శ్రావ్య ప్రయోగశాలలో సైకిల్ తొక్కినప్పుడు అవతల అందుకోవడానికి ఎవరినీ ఉంచలేదు. కాసేపటికే కాళ్ళు కొయ్యబారి కింద పడిపోయింది. రెండోసారి విక్టర్ సార్ పట్టీ కట్టుకొని కుర్చీలో కూర్చున్నాడు. ఆమె గంటసేపు తొక్కి, అప్పుడే నిద్ర లేచినట్టు దిగింది. ఆయన కుర్చీలోంచి లేవలేక నవ్వుతూ అలాగే ఉండిపోయాడు. ఒకరిది ఒకరి మీద పడితే అంత బరువు. అదే వేలమందికి పంచితే ఎవరికీ ఏమీ తెలియదు. పంచుడు సైకిల్ అలా పుట్టింది.

వడ్డేపల్లిలోని అద్దె ఇంట్లో శ్రావ్య, చెల్లెలు శిరీష ఇద్దరే ఉండేవారు. స్కూటీని లారీ గుద్దినప్పటి నుంచి శిరీషకు నడుము కింద స్పర్శ లేదు. చక్రాల కుర్చీలో కూర్చొని, కరెంటు పోయిందని జనం చేసే ఫిర్యాదుల ఫోన్లు ఇంటి నుంచే ఎత్తేది. ప్రయోగం మొదట్లో, ఇంటిపట్టున ఉండి మోసేవాళ్ళు కావాలని శ్రావ్య అడిగితే, “నాకేం పోతది, కట్టు,” అని చెయ్యి చాపింది.

కట్టిన మర్నాడు హాల్లోంచి కేక వేసింది. “అక్కా! మోకాళ్ళు గుంజుతున్నయే!”

శ్రావ్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి శిరీష రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకొని ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. వెన్నులో తెగిపోయిన దారితో పట్టీ పంపే కబురుకు పనిలేదు, అది సూటిగా మెదడుకే పోతుంది. ఇతరులకు తెలియనంత కొద్దిదైనా, ఎవరో తొక్కిన తొక్కుడు శిరీషకు తన కాళ్ళుగా తెలిసింది. అప్పటి నుంచి స్నానానికి తప్ప ఆమె ఆ పట్టీ విప్పలేదు.

ఒక్క స్తంభానికే అనుకున్న పగులు వెతికేకొద్దీ మరికొన్నిటికి బయటపడింది. రెండు రోజుల్లో వస్తుందన్న పైరైలు వారానికి జారింది, ఆ వారం ఇంకో వారానికి జారింది. ఊరు మొత్తం సైకిలెక్కింది. ఎండలో, దుమ్ములో, ఎత్తు వంతెనల మీద తొక్కుతూ పోతున్నా ఎవరి ముఖంలోనూ అలుపు లేదు. పేపర్లు మెచ్చుకున్నాయి. రవాణా ఆఫీసులో విక్టర్ సార్‌కు శాలువా కప్పారు.

ఇంట్లో మాత్రం శిరీష అన్నం ముందు కూర్చొని ముద్ద కలిపి అలాగే వదిలేసేది.

“ఏందే, తింటలేవు?”

“నమలాలంటే అలుపొస్తంది.” అక్క ముఖం చూసి నవ్వింది. “పొద్దటి నుంచి ఊరంతా తిరిగొచ్చిన మరి.”

“రెండ్రోజులు తీసి పక్కన పెట్టు.”

“వద్దు.”

“శిరీషా, నీ ముఖం అద్దంల చూసుకున్నవా?”

“చూసుకున్న. అలసిపోయిన ముఖమే. అలసిపోతే ఏమైతదక్కా, అందరు అలసిపోతలేరా? నాకు కాళ్ళున్నట్టు ఉంది. ఏమీ లేకుండుడు ఎట్లుంటదో నీకు తెల్వదు.”

శ్రావ్య కూడా పొద్దున సైకిల్ మీదే వెళ్ళి సైకిల్ మీదే వచ్చింది. రవికె చెమటకు తడిసింది గానీ ఒంట్లో ఏ బడలికా లేదు. చెల్లెలి కళ్ళ కింది నలుపులో తన వంతు ఎంతో అనుకుంటూ కంచాలు తీసింది.

మర్నాడు తెర ముందు కూర్చుంటే ఒకటి తేడాగా కనిపించింది. తొక్కేవాళ్ళ గీత రోజురోజుకూ పైకి పోతోంది. దాంతోపాటే మోసేవాళ్ళ గీత కూడా పెరగాలి. తొక్కినవాళ్ళు దిగాక మోసేవాళ్ళే కదా. కానీ అది కిందికి దిగుతోంది. కారణం తెర మీద దొరక్క ఆమె మళ్ళీ అడ్డాకు వెళ్ళి నిలబడింది.

అక్కడ చూస్తే తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. జనం సైకిలెక్కేముందు పట్టీ కట్టుకుంటున్నారు. దిగి తాళం పడగానే విప్పి జేబులో వేసుకుంటున్నారు. మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న ఒక యువకుణ్ణి ఆపి ఎందుకని అడిగింది.

“ఆఫీసుల కూసున్నప్పుడు ఎవలిదో అలసట నాకెందుకు మేడమ్? నిద్రొస్తది,” అన్నాడు. దాచుకోవలసిన మాటని అతనికి తోచనే లేదు.

వెనకటి రోజుల్లో మోసినవాళ్ళు కూడా ఇప్పుడు రైలు లేక తామే తొక్కుతున్నారు. మిగిలింది తొక్కలేనివాళ్ళు, విప్పుకోనివాళ్ళు. మంచంలో ఉన్నవాళ్ళు, కుర్చీలో ఉన్నవాళ్ళు, ఇంట్లోవాళ్ళు కట్టిన పట్టీతో అలాగే పడి ఉన్నవాళ్ళు. వేలమందిది ఆ కొద్దిమంది మీద పడుతోంది.

ఆమె పరుగున వచ్చి విక్టర్ సార్‌కు చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“నాకూ అనుమానం వచ్చింది,” అన్నాడు. “రవాణా ఆఫీసువాళ్ళతో అన్నాను. ఇంకో వారంలో రైలు వచ్చేస్తుంది, అందాకా ఓపిక పట్టమన్నారు.”

“ఎవరి ఓపిక సార్?”

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకొని తెరవైపు తిరిగాడు.

ఆ సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు తొక్కేవాళ్ళ గీత ఎన్నడూ లేనంత ఎత్తుకు పోయింది. శ్రావ్య చెల్లెలికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఫిర్యాదుల ఆఫీసుకు చేస్తే, “లైన్ మీదనే ఉన్నది గానీ మాట్లాడతలేదు మేడమ్, ఇప్పుడే చూస్తున్నం,” అన్నారు. మోసేవాళ్ళ నాడి పట్టీల ద్వారా తెలుస్తుంది. ఆమె ఆ పేజీ తెరిచింది. ఉన్నచోటి నుంచి కదలని మనుషుల గుండెలు పరుగు పందెంలో ఉన్నట్టు కొట్టుకుంటున్నాయి. వాటిలో శిరీషది ఒకటి.

“ఆపేస్తున్న సార్.”

“ఇప్పుడా? కాజీపేట వంతెన మీద ఎంతమంది ఉన్నారో చూడు శ్రావ్యా! కాళ్ళలో దాగిందంతా ఒక్కసారిగా తెలిస్తే ఉన్నచోటే పడిపోతారు. లారీలు తిరిగే రోడ్డది.”

“తెలుసు సార్. ముందు దిగమని చెప్త.”

ప్రతి సైకిల్‌కూ హ్యాండిల్ దగ్గర చిన్న స్పీకర్ ఉంది, తాళం సంగతులు చెప్పడానికి. ఆమె మైకు దగ్గరకు లాక్కుంది. “సైకిల్ మీద ఉన్నవాళ్ళందరూ పక్కకు ఆపి దిగండి. మీ అలసట మీకు తెలియబోతున్నది. దయచేసి దిగండి.” ఒకసారి చెప్పి ఊరుకోలేదు, గొంతు బొంగురుపోయే దాకా చెబుతూనే ఉంది. విక్టర్ సార్ కాసేపు ఆమెను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఫోన్ అందుకొని, వంతెన మీదికి లారీలు రాకుండా ఆపమని ట్రాఫిక్ పోలీసులను బతిమాలడం మొదలుపెట్టాడు. తెర మీద కదిలే చుక్కలు చాలావరకు ఆగాయి. అన్నీ ఆగలేదు. ఆమె ఇక ఆగలేక పంచుడు ఆపే మీట కిందికి దించింది.

మాట వినక తొక్కినవాళ్ళు అక్కడక్కడా పడ్డారు. హంటర్ రోడ్డులో ఒక యువకుడి చెయ్యి విరిగింది.

శ్రావ్య కింద ఉన్న సైకిల్ తీసుకొని ఇంటివైపు బయల్దేరింది. ఏడాదిగా మరిచిపోయిన బరువు కాళ్ళకు తెలిసింది. కొంతదూరం పోయేసరికి ఊపిరి అందక దిగి నెట్టుకుంటూ నడిచింది. రోడ్డు నిండా అందరూ అలాగే ఉన్నారు. వేలమంది సైకిళ్ళు పట్టుకొని, తలలు వంచుకొని, ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. చక్రాల చప్పుడు, ఆయాసాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఫుట్‌పాత్ మీద కూలబడిన గౌసియా ఆమెను గుర్తుపట్టింది. “ఏమైందమ్మా? ఎందుకు ఆపిన్రు?”

“మోసేటోళ్ళు తగ్గిపోయిన్రు. ఉన్నోళ్ళ మీద మోయలేనంత పడ్డది. మా చెల్లె ఫోనెత్తుతలేదు.”

“మీ చెల్లెనా మోసేది?”

“ఆమె, ఇంకా కొందరు. ఇంట్ల నుంచి కదలలేనోళ్ళు.”

“అందరికి జరంత జరంత పోతదన్నరు గదా. గిట్లని మాకెవ్వలూ చెప్పలే,” అంటూ గౌసియా మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. సైకిల్‌ను అక్కడే గోడకు చేరేసి, జనంలో ఇరుక్కుపోయిన ఒక ఆటోకు అడ్డం నిలబడింది. అందులో కూర్చున్నవాళ్ళకు దండం పెట్టి దింపింది. “ఎక్కమ్మా. నేను గూడ వస్త. ఒక్కదానివి లేపలేవు.”

శిరీష కుర్చీలో పక్కకు ఒరిగి ఉంది. చెవికి పెట్టుకునే ఫోన్ మెడలోకి జారి, అందులోంచి ఎవరో “హలో, హలో” అంటున్నారు. ఊపిరి ఉంది. ఇద్దరూ కలిసి ఎత్తి ఆటోలో వేశారు.

ఆసుపత్రిలో డాక్టరు రిపోర్టులు చూసి, “ఈ అమ్మాయి ఏం పని చేస్తుంది?” అని అడిగాడు. “గుండె చూస్తే ఏళ్ళ తరబడి బస్తాలు మోసి అరిగిన మనిషిదిలా ఉంది.”

శిరీష బతికింది. గుండెకు ఇక మునుపటి బలం ఉండదన్నారు. కరీమాబాద్‌లో మంచం పట్టిన ఒక ముసలాయన మాత్రం ఆ సాయంత్రమే పోయాడు. పైరైలు ఆగినప్పటి నుంచి ఆయన కొడుకులు పంచుడు సైకిళ్ళ మీదే పనికి పోయి వచ్చేవారు. ఆయన చేతికి పట్టీ వాళ్ళే కట్టారు. శ్రావ్య, విక్టర్ సార్ ఆ ఇంటికి వెళితే పెద్దకొడుకు కుర్చీలు వేశాడు, కూర్చోమన్నాడు. “మా నాయన అలసిపోయిన అని అంటుండె సార్. పండుకొని ఉన్నోనికి అలసటేందని మేమే నవ్వినం,” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది శ్రావ్యకు.

తెలివి వచ్చిన రోజు శిరీష దుప్పటి మీద చేతులతో తొడలు తడిమి చూసుకుంది.

“తీసేసినవా?”

“అందరికీ ఆపేసిన.”

“మళ్ళ పోయినయి అక్కా.” గోడవైపు తిరిగి పడుకుంది. శ్రావ్య భుజం మీద చెయ్యి వేస్తే తోసెయ్యలేదు గానీ ఇటు తిరగనూ లేదు. “నన్నడగక కట్టినవని అనను. అడిగినవ్. ఎంత మోస్తవని మాత్రం ఒక్కనాడన్నా అడగకపోతివి.”

“నీ పానం పోతుండె శిరీషా.”

“గది నాకు తెల్వదా? నువ్వు ఎప్పటికీ ఒద్దనే అంటవ్, లేకుంటే కట్టు అంటవ్. మధ్యల నేనొకదాన్ని ఉన్న.”

పైరైలు మళ్ళీ నడిచింది. మొదటిరోజు జనం అనుమానంగా ఎక్కారు, తర్వాత మామూలుగా ఎక్కారు. అద్దె సైకిళ్ళు అడ్డాల్లో దుమ్ము పట్టి నిలబడ్డాయి. విచారణలో విక్టర్ సార్ తప్పంతా తనదేనన్నాడు. శ్రావ్య సగం తనదని చెప్పింది. ప్రయోగం మూసేశారు. అంతకాలం ఎవరెవరికో పంచిన అలసట ఇప్పుడే వచ్చి మీద పడ్డట్టు ఆమె ఆదివారాలన్నీ పడుకునే ఉండేది.

గౌసియా శుక్రవారాలు శిరీషను చూడటానికి వచ్చేది. నెమ్మదిగా వచ్చి, గడపలో కూర్చొని మోకాళ్ళు ఒత్తుకొని, నీళ్ళు తాగి మాట్లాడేది. ఒకరోజు శిరీష అడిగింది.

“గౌసియమ్మా, మీది నాకియ్యరాదు. ఊరందరిది వద్దు. మీ ఒక్కదానిదే.”

“తోబ తోబ! నిన్ను దవాఖానకు మోసిన చేతులివి. మళ్ళ నా కాళ్ళ గుంజుడు నీకిచ్చి నేనేం బాగుపడాలె బిడ్డా?”

“గుంజుడు మీకు. నాకది కాళ్ళు.”

“అస్సలు కుదరదు,” అంది శ్రావ్య గది లోపలి నుంచే.

“అక్కా, నిన్నడుగుతలేను.”

ఆ మాట మీద ఇంట్లో రెండు వారాలు మాటల్లేవు. చివరికి శ్రావ్యే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చాలా ఆలోచించి, కొద్దిసేపైతే, కొద్దిగా అయితే పరవాలేదన్నాడు. ఆమె ఇంట్లోనే కూర్చొని రెండంటే రెండు పట్టీలు చేసింది. తెరుచుకునే మీట శిరీష పట్టీకే ఉంది. ఆమె నొక్కితేనే అలసట దాటుతుంది, ఎంత కావాలో అంతే వస్తుంది, గుండె కాస్త తొందరపడితే దానంతటదే మూసుకుంటుంది. గౌసియాను ఒప్పించడానికి ఇంకో నెల పట్టింది. ఒప్పుకుంటూ ఆమె ఒక్క షరతు పెట్టింది. ఫోన్ చేసి అడగకుండా ఏనాడూ ఇవ్వదు.

అలా రోజూ సాయంత్రం, కాజీపేట స్టేషన్‌లో దిగి సైకిలెక్కే ముందు గౌసియా ఫోన్ చేసేది. “బిడ్డా, ఎక్కుతున్న. ఇయ్యమంటవా?” అనేది. శిరీష “ఇయ్యుండ్రి” అని మీట నొక్కేది. గౌసియా ఇల్లు చేరేదాకా కళ్ళు మూసుకొని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని కూర్చునేది. శ్రావ్య ఆ కాసేపూ వంటింట్లో ఏ పనీ చెయ్యలేకపోయేది. చూడకుండానూ ఉండలేకపోయేది.

గాలివానకు ఊళ్ళో సగం చోట్ల కరెంటు పోయిన ఒక రోజున శిరీష పొద్దటి నుంచి ఫోన్లు ఎత్తుతూనే ఉంది. తిట్లు పడుతూ, సర్దిచెబుతూ, భోజనం కూడా కుర్చీలోనే కానిచ్చింది. సాయంత్రం ఫోన్ మోగింది.

“బిడ్డా, ఎక్కుతున్న. ఇయ్యమంటవా?”

శిరీష మీట మీద వేలు పెట్టింది. కాసేపు అలాగే ఉంచి తీసేసింది.

“ఇయ్యాల వద్దు గౌసియమ్మా. నేనే మస్తు అలసిపోయిన.”

“సరే బిడ్డా, జర నడుము వాల్చు. నాది నేనే తొక్కుకుంట.”

గౌసియా ఫోన్‌ను కట్ చెయ్యకుండానే సైకిల్ బుట్టలో వేసుకున్నట్టుంది. తడి రోడ్డు మీద చక్రాల చప్పుడు వినిపించింది. తర్వాత చైను కిర్రుమనడం, ఆమె ఆయాసం. ఒకచోట దిగినట్టుంది, అక్కణ్ణుంచి అడుగుల చప్పుడు మొదలైంది. శ్రావ్య వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. శిరీష ఫోన్ పెట్టెయ్యలేదు. అటువైపు గౌసియా తలుపు గొళ్ళెం తీసి, “యా అల్లా” అంటూ కూర్చునేదాకా, ఆ ఆయాసాన్ని వింటూనే ఉంది.